అక్షతలు పట్టవలసిన చేయి



షోడశ సంస్కారములలో వివాహము ఒకటి. దీనికి వధూవరులు, పురోహితుడు, అగ్నిహోత్రుడు ఎంత ముఖ్యమో, విచ్చేసిన బంధుమిత్రులును అంత ముఖ్యులు. వారు వేడుక చూడవచ్చినవారు మాత్రమే కారు, సాక్షులు, ఆశీర్వదించువారు. అందులకు కావలసినవి రెండే: చూచెడి కన్ను, అక్షతలు పట్టిన చేయి. నేడు ఆ రెండింటిని సెల్‌ఫోను ఆక్రమించుచున్నది.

వివాహవిధిలో చూపునకు గొప్ప స్థానము కలదు. వరుడు వధువును సమంత్రకముగా వీక్షింపవలెనని ఆపస్తంబ గృహ్యసూత్రము విధించినది. దానికి దేశాచారము తోడై, మధ్య తెర పట్టుట, సుముహూర్తమున శిరస్సులపై జీలకర్ర బెల్లము ఉంచుట, తెర తొలగగానే ఒకరినొకరు చూచుకొనుట ఏర్పడినవి. ఇట్టి ఆచారములను స్త్రీల వలన తెలిసికొనవలెనని ఆ సూత్రకారుడే చెప్పియున్నాడు. పిదప అరుంధతీ దర్శనమును చూపే. తెర తొలగిన క్షణమున వధువు వరుని చూడక కెమెరాను చూచినచో, ఆ తొలిచూపు మరల రాదు.

కొన్నేండ్ల క్రిందట నారాయణఖేడ్ సమీప గ్రామమున ఒక వివాహము చేయించితిని. వధువును పెంచిన అమ్మమ్మ ముందు వరుసలో కూర్చుండినది. మాంగల్యధారణ వేళకు పదిమంది ఫోనులెత్తి వేదికకు అడ్డముగా నిలిచిరి. ఫొటోగ్రాఫరు "ఒక్క నిమిషం ఆగండి" అనగా నేనును మంత్రము ఆపితిని. వాద్యములు మ్రోగినవి, జనము తొలగినది. ఆ వృద్ధురాలు పిడికిట అక్షతలతో నా వద్దకు వచ్చి, "అయ్యగారూ, ముడి పడ్డదా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు నేను తలవంచుకొంటిని. దోషము అతిథులది మాత్రమే కాదు. ముందుగా నోరు విప్పని నాది కూడ.

ఫొటోలు లేనిచో సాక్ష్యమేది అని కొందరడుగుదురు. సప్తపది ఆచారముగల వివాహము ఏడవ అడుగుతో సంపూర్ణమగునని 1955 నాటి హిందూ వివాహ చట్టము, 7వ సెక్షను చెప్పుచున్నది. విధిప్రకారము వివాహకర్మ జరుగనిచో ధ్రువపత్రము మాత్రమే వివాహమును కలిగింపదనియు, పెండ్లి ఆటపాటలకు, విందులకు మాత్రమైన సందర్భము కాదనియు 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. ఛాయాచిత్రము జరిగినదానికి గుర్తు కాగలదు. జరుగవలసినదానికి బదులు కాజాలదు.

తిరుమలలో దర్శనమునకు ముందు సెల్‌ఫోనును అప్పగించి వెళ్ళుచున్నాము. అది అవమానమని ఎవరును తలంపరు. వధూవరులను లక్ష్మీనారాయణ స్వరూపులుగా భావించు కల్యాణవేదిక యెదుట ఆ నియమమును కొద్దిసేపు పాటించుట కష్టమా?

గృహస్థులకు నా మనవి. ఈ మాటను శుభలేఖలోనే ఒక పంక్తిగా వ్రాయించుడు. తెర పట్టుటకు ముందు ఇంటిపెద్ద చేతులు జోడించి, "అమ్మలారా, అయ్యలారా, మాంగల్యధారణ పూర్తియగువరకు ఫోనులు లోపల ఉంచి, కన్నులారా చూచి ఆశీర్వదింపుడు" అని కోరవలెను. అక్షతలు పంచువారును ఆ మాటనే మెల్లగా జ్ఞాపకము చేయవచ్చును. గద్దింపు తగదు, అతిథి పూజ్యుడు. చిత్రములు తీయుటకు ఒకరిద్దరిని నియమించి, పెద్దల చూపునకు అడ్డురాకుండ ప్రక్కన నిలుపుడు. దూరదేశములలోని బంధువులకు ఒక్క కెమెరాతో ప్రత్యక్షముగా చూపవచ్చును. సప్తపది వేళను ఇదే నియమము. తలంబ్రాల వేళ, విందు వేళ ఎవరి ముచ్చట వారు తీర్చుకొనవచ్చును.

పురోహితులకును ఒక మనవి: కెమెరా కొరకు మంత్రము ఆపకుడు. నేను ఆపిన తప్పును మీరు చేయవలదు.

ఆనాడు ఆ అమ్మమ్మ, మనుమరాలు లేచి వచ్చి పాదములకు నమస్కరించినప్పుడు, చెమటకు తడిసిన ఆ అక్షతలను ఆమె శిరస్సుపై ఉంచినది. ఆశీస్సునకు లోపము లేదు. కాని వాటిని ఉంచవలసిన వేళ దాటిపోయినది.

శుభం భూయాత్.