మంచి కొలెస్ట్రాల్‌ను మోసే ప్రోటీన్ – దాని రూపం ఎలా తెలిసింది?



గుండె జబ్బు అనుమానం ఉన్నవారి రక్త పరీక్ష చీటీలో హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ అనే మాటలు కనిపిస్తాయి. కొలెస్ట్రాల్ మైనం వంటిది, నీటిలో కరగదు. రక్తంలో ఎక్కువ భాగం నీరే. కాబట్టి కొలెస్ట్రాల్‌ను ప్రోటీన్లు మోయాలి. హెచ్‌డీఎల్‌లో ఈ పని చేసే ముఖ్యమైన ప్రోటీన్ అపోలైపోప్రోటీన్ ఎ-1. దీనిలో 243 అమైనో ఆమ్లాలు ఒకే గొలుసుగా ఉంటాయి. రక్తనాళాల గోడల్లో పేరుకున్న కొలెస్ట్రాల్‌ను కాలేయానికి చేర్చడంలో ఇది తోడ్పడుతుంది. అందుకే హెచ్‌డీఎల్‌ను మంచి కొలెస్ట్రాల్ అంటారు.

స్ఫటికం ఎందుకు?

మైలుతుత్తం సంతృప్త ద్రావణాన్ని కదపకుండా ఉంచితే నీలి స్ఫటికాలు ఏర్పడటం ల్యాబ్‌లో చూసే ఉంటారు. స్ఫటికంలో కణాలు ప్రార్థనలో నిలబడ్డ పిల్లల్లా వరుసలు కట్టి ఉంటాయి. శుద్ధి చేసిన ప్రోటీన్‌ను కూడా చిన్న బొట్లలో ఉంచి, మెల్లగా నీరు తగ్గేలా చేసి స్ఫటికంగా మారుస్తారు. పరమాణువుల మధ్య దూరం ఒకటి రెండు ఆంగ్‌స్ట్రామ్‌లే కనుక మామూలు వెలుతురుతో అవి కనిపించవు. ఎక్స్ కిరణాల తరంగదైర్ఘ్యం దాదాపు అంతే ఉంటుంది. వాటిని స్ఫటికం గుండా పంపితే వేల చుక్కలు నమోదవుతాయి. ఆ చుక్కల స్థానం, తీవ్రతలను బట్టి లెక్కలు కట్టి, అణువు రూపాన్ని గీస్తారు. ఎన్ని ఆంగ్‌స్ట్రామ్‌ల సూక్ష్మతతో చూశారో చెప్పే అంకె ఎంత తక్కువైతే చిత్రం అంత స్పష్టం.

మొండి ప్రోటీన్

అపో ఎ-1 ఒకచోట కుదురుగా ఉండదు. కొవ్వు తగిలితే రూపం మార్చుకుంటుంది. అందుకే స్ఫటికం కట్టడం కష్టం. 1997లో అమెరికాలో బొర్హానీ, ఆయన సహచరులు మొదటి 43 అమైనో ఆమ్లాలను తీసివేసి, మిగిలిన భాగాన్ని 4 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద చూశారు. అది గుర్రపు నాడాలా వంగి ఉంది.

2006లో బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయం నుండి, పూర్తి ప్రోటీన్ రూపం దొరికిందని ఒక వ్యాసం వచ్చింది. సూక్ష్మత 2.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. అందరూ సంతోషించారు. అయితే అదే ప్రయోగశాల ఆ ఏడాదే ప్రకటించిన సీ3బి అనే మరో ప్రోటీన్ నిర్మాణంపై 2007లో ఇతర శాస్త్రవేత్తలు ఒక ప్రశ్న వేశారు. అణువుల పొరల మధ్య ఖాళీ ఉంది; ఒకదానికొకటి తగలని పొరలతో స్ఫటికం ఎలా నిలుస్తుంది? విశ్వవిద్యాలయం విచారణ జరిపింది. ఆ ప్రయోగశాల ఇచ్చిన పదికి పైగా నిర్మాణాలు కల్పితాలు కావచ్చని 2009లో తేల్చింది. అపో ఎ-1 కూడా వాటిలో ఒకటి. 2018లో అమెరికా ప్రభుత్వ విచారణ సంస్థ కూడా దీన్ని ధృవీకరించింది.

2011లో బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మెయి, అట్కిన్సన్ చివరి 59 అమైనో ఆమ్లాలను తీసివేసి, మిగిలిన 184తో 2.2 ఆంగ్‌స్ట్రామ్‌ల నిర్మాణం సాధించారు. రెండు అణువులు జతకట్టి అర్ధవృత్తంగా వంగి ఉన్నాయి. కొవ్వు చుట్టూ ఈ ప్రోటీన్ ఎలా అల్లుకుంటుందో ఊహించడానికి ఇది ఆధారమైంది. తాము చూసింది కొంత భాగమేనని వారు దాచలేదు.

తప్పు ఎలా బయటపడింది?

ప్రోటీన్ నిర్మాణాలను, వాటి కొలతలను అందరూ చూసేలా ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో ఉంచుతారు. ఎవరైనా తిరిగి లెక్క చూడవచ్చు. గొలుసు ఏ కోణాల్లో వంగగలదో చెప్పే పటాన్ని 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు ఇచ్చారు. ప్రపంచమంతా నేటికీ దానితోనే ప్రోటీన్ నిర్మాణాలను సరిచూస్తున్నారు.

తమ్ముళ్లారా! లఘులోలకం ప్రయోగంలో జి విలువ 980 రావాలని తెలుసు కనుక, రీడింగులను వెనక నుండి వేసుకునే అలవాటు చాలా కాలేజీల్లో ఉంది. మార్కులు వస్తాయి, చదువు రాదు. 940 వస్తే 940 అనే రాయండి. దారం పొడవు సరిగా కొలిచామా, డోలనాలు లెక్క తప్పామా అని వెతకండి. ఆ వెతుకులాటే సైన్సు. కల్పిత నిర్మాణాన్ని నమ్మి మందు తయారు చేయబోయిన వారికి ఏళ్ల శ్రమ వృథా, నష్టపోయేది రోగి.

హైదరాబాద్‌లోని సీసీఎంబీలోనూ ప్రోటీన్ల స్ఫటిక నిర్మాణాలపై పరిశోధన సాగుతోంది. కరీంనగర్, ఆదిలాబాద్ హాస్టళ్ల నుండి అక్కడికి చేరేవారు మీలోనే ఉండాలని కోరుకుంటున్నాను. కొలిచింది కొలిచినట్టు రాసే అలవాటును ఇక్కడి నుండే వెంట తీసుకెళ్లండి.