పాఖాల చెరువు, పర్ణశాలలు

వరంగల్లు జిల్లాలో నర్సంపేటకు చేరువనున్న పాఖాల చెరువును మనలో అనేకులు ఎరుగుదురు. 13వ శతాబ్దమున కాకతీయ గణపతిదేవుని కాలములో గుట్టల నడుమ మట్టికట్ట వేసి వాగు నీటిని నిలిపిరి. చుట్టును అభయారణ్యము, కట్ట దిగువను వరిపొలములు. తాము త్రవ్వని బావుల నీరు త్రాగువారికి మోషే చేసిన హెచ్చరిక (ద్వితీయో. 6:11-12) మనకును తగును. ఆ కట్ట వేసినవారు మన మతస్థులు కారు. అయినను వారి చెమటవలన పండిన అన్నమునే తినుచు వారిని చులకనగా మాటలాడుట కృతఘ్నతయే.

యౌవనస్థులు అటవీశాఖ అనుమతితో ఇట్టి చోట్ల గుడారములు వేసికొని ఒకటి రెండు రాత్రులు గడపుట మంచిదే. లేవీయకాండము 23:42-43 చూడుడి. ఇండ్లుగలవారే ఏడు దినములు పర్ణశాలలలో కాపురముండవలెను. పితరులకు ఇండ్లు లేని దినములను పిల్లలు ఎరుగవలెను. అయితే ఆ పండుగలో దాసదాసీలును, పరదేశులును, తలిదండ్రులు లేనివారును, విధవరాండ్రును కూడ సంతోషింపవలెనని ద్వితీయోపదేశకాండము 16:14 చెప్పుచున్నది. మన కూటములకో, చందా చెల్లించినవారే వచ్చుచున్నారు. నాట్ల కూలికి పోవు పిల్ల రెండు దినముల కూలి పోగొట్టుకొని ఎట్లు వచ్చును? (వలస పనులకు పోయిన ఆమె తల్లికి గుడారము వినోదము కాదు.) రాబోవు కూటమునకు చందా నిర్ణయించుటకు ముందే, సంఘపెద్దలు రాలేనివారి పేర్లు వ్రాసికొని, వారి కూలి డబ్బును కానుకపెట్టెనుండి ఇయ్యగలమా అని లెక్క చూడవలెను.