నాన్న ఫోన్‌కి స్పామ్ కాల్స్: నేను పెట్టిన రాంగ్ సెట్టింగ్, తర్వాత పనిచేసిన పద్ధతి

ఇంట్లో టెక్ సపోర్ట్ మొత్తం మనమే కదా! సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు నాన్న ఫోన్ నా చేతిలో పెట్టి, "ఈ లోన్ కాల్స్ ఆపెయ్‌రా, మధ్యాహ్నం కన్ను మూయనివ్వట్లేదు" అన్నారు. రోజుకి ఆరేడు వచ్చేవి. పైగా ఆయన కట్ చెయ్యరు. ప్లాట్లు అమ్మే అమ్మాయిని కూడా "భోజనం చేశావా అమ్మా?" అని అడుగుతారు. ఇంక వాళ్లు వదుల్తారా?

నేను రెండు నిమిషాల్లో తేల్చేశాను. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డూ నాట్ డిస్టర్బ్ ఆన్ చేసి, కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్ల కాల్స్ మాత్రమే మోగేలా పెట్టాను. అక్కడే రిపీట్ కాలర్స్ అనే ఆప్షన్ ఉంటుంది. ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే మోగనిస్తుంది. స్పామ్ వాళ్లు రెండోసారి కూడా చేస్తారు కదా అని దాన్నీ ఆఫ్ చేశాను. అదే నేను చేసిన తప్పు.

మార్చిలో అమ్మ మార్కెట్ దగ్గర బస్సు దిగుతూ పడిపోయింది. తన ఫోన్ స్క్రీన్ పగిలి ఆగిపోయింది. తనకి నోటికి వచ్చిన నంబర్ నాన్నది ఒక్కటే. ఒక ఆటో అతను తన ఫోన్ నుంచి నాలుగుసార్లు చేశాడు. ఇంట్లో ఫోన్ నాన్న పక్కనే ఉంది, ఒక్కసారి కూడా మోగలేదు. చివరికి అతనే అమ్మని ఇంటికి తీసుకొచ్చాడు. మణికట్టు విరిగింది. నాన్న నన్ను తిట్టలేదు గానీ, "నువ్వు పెట్టిందే కదరా అది" అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

ఆ రాత్రి కూర్చుని అసలు విషయం చదివాను. నేను ఆపింది స్పామ్‌ని కాదు, తెలియని వాళ్లందర్నీ. ఫోన్‌లోని డూ నాట్ డిస్టర్బ్ వేరు, ట్రాయ్ వారి డీఎన్‌డీ వేరు. పేరు ఒకటే కావడంతో చాలామంది ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు. మొదటిది మీ ఫోన్‌ని మూగగా చేస్తుంది, రెండోది కాల్ చేసే కంపెనీకి రూల్ పెడుతుంది.

ఇంగ్లిష్ అక్షరాల్లో స్టార్ట్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి సున్నా పెట్టి 1909కి మెసేజ్ చేస్తే ప్రమోషన్ కాల్స్, మెసేజ్‌లు అన్నీ వద్దన్నట్టు. బ్యాంక్ ఓటీపీలు ఆగవు, భయపడకండి. ఒక లొసుగు మాత్రం ఉంది. ఏదో యాప్‌లో "నాకు కాల్ చేయొచ్చు" అని టిక్ పెట్టి ఉంటే డీఎన్‌డీ ఉన్నా ఆ కంపెనీ చేయొచ్చు. నాన్న ఫోన్‌లో రెండు షాపింగ్ యాప్స్‌లో అలాంటి టిక్‌లు తీసేశాను.

ఇప్పుడు నంబర్ చూసి గుర్తుపట్టడం. 140తో మొదలైతే ప్రమోషన్. 1600తో మొదలైతే బ్యాంకుల్లాంటి వాళ్ల సర్వీస్ కాల్, దాన్ని బ్లాక్ చేయొద్దు. అసలు సమస్య మామూలు 10 అంకెల మొబైల్ నంబర్లు. వాటితో మార్కెటింగ్ చేయడమే రూల్‌కి విరుద్ధం. రిజిస్టర్ కాని వాళ్లని డీఎన్‌డీ ఆపలేదు. మీరు బ్లాక్ కొడితే రేపు ఇంకో సిమ్‌తో వస్తారు.

అందుకే బ్లాక్ కంటే కంప్లైంట్ ముఖ్యం. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ రూల్స్ మార్చింది. ఇలాంటి నంబర్ల మీద ఫిర్యాదు చేయడానికి డీఎన్‌డీ రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. గడువు 3 రోజుల నుంచి 7 రోజులకి పెరిగింది. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చాలు, చర్య మొదలవుతుంది. మొదటిసారి ఔట్‌గోయింగ్ 15 రోజులు బంద్, మళ్లీ దొరికితే ఏడాది పాటు అన్ని కనెక్షన్లూ కట్. అంటే మీరు పంపే ఒక్క మెసేజ్ ఆ ఐదులో ఒకటి అవుతుంది!

ఫిర్యాదు కాల్ అందుకున్న నంబర్ నుంచే వెళ్లాలి, బెంగళూరులో కూర్చుని నేను పంపితే కుదరదు. ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో కాల్ లాగ్ నుంచి నంబర్ సెలెక్ట్ చేసి పంపొచ్చు. నాన్నకి యాప్ చిరాకు. అందుకని 1909కి పంపే మెసేజ్‌ని నోట్స్‌లో రెడీగా పెట్టాను. విషయం, కామా, నంబర్, కామా, తేదీ, అంతే. కేవైసీ, కరెంట్ బిల్లు అని బెదిరించే మోసం కాల్ అయితే సంచార్ సాథీలోని చక్షు. డబ్బు పోతే మాత్రం ఆలోచించకుండా 1930.

డూ నాట్ డిస్టర్బ్ ఇప్పుడు రాత్రి పదకొండు నుంచి ఆరు దాకానే, రిపీట్ కాలర్స్ ఆన్‌లో. అమ్మ పర్సులో మా ముగ్గురి నంబర్లు కాగితం మీద రాసి పెట్టాం. కాల్స్ పూర్తిగా ఆగలేదు, రోజుకి ఒకటో రెండో వస్తున్నాయి. నిన్న నాన్న ఒక క్రెడిట్ కార్డ్ అబ్బాయితో తీరిగ్గా మాట్లాడి, "నీ నంబర్ చెప్పు బాబూ, మెసేజ్ పెట్టాలి" అన్నారట. అతను వెంటనే కట్ చేశాడు.