పాత మోటారుబండి ఇంజెక్టర్లు: ఒక వస్తుపాఠము

మన పాఠశాలలో చదివి, యిప్పుడు అమెరికా దేశమున ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకఁడు కడచిన సంవత్సరము మాకొక యుత్తరము వ్రాసెను. అతఁడు 1977వ సంవత్సరపు డాట్సన్ 280 జెడ్ అను పరుగుబండి నొకదానిని కొనెను. బండి నిలిచియున్నపుడు ఇంజను తడబడుచుండెను. వేడియెక్కిన పిమ్మట ఆపినచో మరల తేలికగా నడువకుండెను. ముందుభాగమునుండి పెట్రోలు వాసనయు వచ్చుచుండెను. “ఆదివారమునాఁడు నా కుమార్తెను ప్రక్కను కూర్చుండఁబెట్టుకొని ఆలయమునకు పోవుచున్నాను. ఆరు ఇంజెక్టర్లను క్రొత్తవి కొని వేయవచ్చునా అయ్యగారూ?” అని యతఁడడిగెను.

మేము మొట్టమొదట వ్రాసిన ప్రత్యుత్తరము ఒక్క వాక్యము: ఆ వాసన పోవువఱకు పాపను ఆ బండిలో ఎక్కింపవద్దు, నీవును ఎక్కవద్దు. తక్కిన సంగతులను తరువాత వివరముగా వ్రాసితిమి. అవి మన బాలబాలికలకును ఉపయోగపడునని తలంచి యిచ్చట పాఠరూపమున నుంచుచున్నాము.

1. ఇంజెక్టరు చేయు పని

మన గ్రామములలో వివాహములకును క్రిస్మసు కూటములకును వెలిఁగించుచు వచ్చిన పెట్రోమాక్సు దీపమును పెద్దలెఱుఁగుదురు. అందు కిరసనాయిలు గాలి యొత్తిడిచే పైకెక్కి సన్నని రంధ్రముగుండ చిమ్మఁబడును. ఆ రంధ్రమున మసి చేరినచో వెలుఁగు తగ్గి దీపము గుప్పుగుప్పున మండును. ఇంజెక్టరు పనియు ఇంచుమించు నట్టిదే. పెట్రోలును సన్నని తుంపరగాఁ జేసి, ఇంజనులోనికి పోవు గాలిలో కలుపుటయే దాని పని.

ఈ జాతి బండ్లలో మొదటిదైన 240 జెడ్ నందు కార్బురేటర్లుండెను. ఉత్తర అమెరికాలో 1975 మొదలు 1978 వఱకు అమ్మఁబడిన 280 జెడ్ నందు వానికి బదులు జర్మనీ దేశపు బాష్ కంపెనీవారి ‘ఎల్-జెట్రానిక్’ పద్ధతి నుంచిరి. ‘ఎల్’ అనునది గాలికి జర్మను మాటయైన ‘లుఫ్ట్’ యొక్క మొదటి యక్షరము. లోనికి పోవు గాలి ఒక రేకు తలుపును త్రోయును. ఆ తలుపు ఎంత తెఱచుకొన్నదియు, ఇంజను ఎంత వేడిగా నున్నదియు గ్రహించి, విద్యుత్ పెట్టె యొకటి ఇంజెక్టర్లు ఎంతసేపు తెఱచియుండవలయునో నిర్ణయించును.

ఇంజెక్టరులోపల ఒక తీఁగచుట్ట, ఒక సూది, ఒక స్ప్రింగు కలవు. విద్యుత్తు ప్రవహింపఁగానే తీఁగచుట్ట అయస్కాంతమై సూదిని పైకెత్తును. ఎంత యెత్తును? మిల్లీమీటరులో సుమారు పదియవ వంతు మాత్రమే. అంత సందుగుండ, సుమారు 2.5 బార్ల యొత్తిడితో పెట్రోలు చిమ్మఁబడును. విద్యుత్తు ఆగఁగానే స్ప్రింగు సూదిని మరల మూయును. ఈ బండిలో ఇంజను ఒక చుట్టు తిరిగినపుడెల్ల ఆరు ఇంజెక్టర్లును ఏకకాలమున తెఱచుకొనును. కావున నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజనులో ప్రతి ఇంజెక్టరును సెకండునకు 50 మారులు, గంటకు 1,80,000 మారులు తెఱచి మూయవలయును. నలువదియేండ్లకు పైఁబడి యీ పని చేసిన వస్తువు అలసిపోవుట వింతకాదు.

2. ముసలితనమున వచ్చు లోపములు

సూది మొనయందు జిగురు పేరుకొని తుంపర ధారగా మాఱవచ్చును. సూది సరిగా మూసికొనక, బండి ఆపిన పిమ్మటఁగూడ పెట్రోలు బొట్లుబొట్లుగా కారవచ్చును. వేడి ఇంజను మరల కష్టముగా నడచుటకు ఇదియొక కారణము. బండి చిరకాలము కదలక నిలిచినచో, మద్యసారము కలిసిన నేఁటి పెట్రోలు తేమను పీల్చికొని లోపల త్రుప్పు పుట్టింపఁగలదు.

వీనియన్నిటికంటె అపాయకరమైనది ఇంజెక్టరు తలకు తగిలించిన రెండు మూఁడంగుళముల రబ్బరు గొట్టము. ఏండ్లు గడచినకొలఁది అది గట్టిపడి బీటలు వాఱును. అందలి పెట్రోలు ఒత్తిడిలో నున్నది; క్రిందనే వేడిగొట్టము లున్నవి. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గనుక వెంటనే ఎగిరిపోక పల్లమున చేరి నిప్పుకై కాచుకొనియుండును. ఇట్లు కాలిపోయిన పాతబండ్లు పెక్కు. వాసన యనునది యంత్రము మనకు చేయు హెచ్చరిక.

3. నేరము మోపుటకు ముందు పరీక్ష

ఇంజను తడబడినంతనే ఇంజెక్టరుపై నేరము మోపరాదు. స్పార్కు ప్లగ్గు, వాల్వు సందు, గాలి చొరఁబడు పగులు, త్రుప్పుపట్టిన విద్యుత్ బిగింపు, ఇవియు అదే లక్షణమును చూపును. ముందుగా కారుచున్న గొట్టములను మార్చి, చెమ్మ యెచ్చటను లేదని నిశ్చయించుకొని, పిమ్మట ఇట్లు పరీక్షింపవలయును.

ఇంజను నెమ్మదిగా నడచుచుండఁగా ఒక్కొక్క ఇంజెక్టరు బిగింపును ఊడఁదీసి చూడవలయును. మంచి సిలిండరు బిగింపు తీసినచో వేగము తగ్గును. చెడిన సిలిండరు బిగింపు తీసినచో మార్పు కానరాదు. పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజెక్టరుపై నుంచి పిడిని చెవికానించినచో, పనిచేయుదాని టిక్కు టిక్కుమను చప్పుడు వినవచ్చును. బిగింపును ఊడఁదీసి తీఁగచుట్ట నిరోధమును కొలువవలయును. ఈ బండిలో అది రెండు మూఁడు ఓములు మాత్రమే. ఇంత తక్కువ నిరోధము గలవి కనుకనే, విద్యుత్తును మట్టుపఱచుటకు వేఱు నిరోధకములను దారిలో నుంచిరి. కాఁబట్టి చూపునకు ఒకేరీతిగా నున్నవని వేఱుజాతి ఇంజెక్టర్లను కొని వేయరాదు. బ్యాటరీని ఇంజెక్టరునకు నేరుగా తగిలింపను రాదు.

పెట్రోమాక్సు రంధ్రమును సూదితో పొడిచి శుభ్రము చేయుదుము. ఇంజెక్టరును ఎన్నఁడును పొడువరాదు. రంధ్రపు అంచు చెడిపోవును. దానిని శబ్దతరంగములతో కడిగి, ఆరింటి ప్రవాహమును గాజుగొట్టములలో కొలిచి పోల్చు పనివారు కలరు. కడిగినను కారునదియు, తక్కినవానితో సమముగా చిమ్మనిదియు మార్చవలసినది.

4. మార్చు విధము

ఇంజను చల్లారవలయును. స్థలము గాలి యాడునదై, నిప్పు, దీపము, చుట్ట దరిలేనిదై యుండవలయును. అగ్నిని చల్లార్చు సాధనము చేతికందునంత దూరమున నుండవలయును. కన్నులకు అద్దములు ధరింపవలయును.

మొదట పెట్రోలు పంపునకు విద్యుత్తు ఆపి, ఇంజను దానంతట అది ఆగువఱకు నడిపి, ఒత్తిడి తగ్గింపవలయును. ఇంజనును మరల చల్లారనిచ్చి, బ్యాటరీ ఋణధ్రువపు తీఁగను విప్పవలయును. ఇంజెక్టర్ల చుట్టునున్న దుమ్మును ఊదివేసి, బిగింపుల తీఁగ క్లిప్పులను నిదానముగా తీయవలయును; పాత ప్లాస్టిక్కు పెళుసై విఱుగును. ప్రతి ఇంజెక్టరును పట్టియుంచు రెండు స్క్రూలు త్రుప్పుపట్టియుండును. వానిపై చొచ్చుకొనిపోవు నూనె వేసి, ఒక రాత్రి యూరనిచ్చి తీయుట మేలు. తొందరపడువాని చేతిలో స్క్రూతల అరిగిపోవును.

తీసిన ఇంజెక్టర్లకు 1 మొదలు 6 వఱకు సంఖ్యలు వేయవలయును. రంధ్రములలో పాత రబ్బరు ముక్క మిగిలినదేమో చూచి, వెంటనే శుభ్రమైన గుడ్డతో మూయవలయును. పాత గొట్టమును కోయునపుడు కత్తి లోపలి లోహమునకు తగులరాదు. చిన్న గీటు పడినను అచ్చటనే కారును. క్రొత్త గొట్టము ఇంజెక్షను ఒత్తిడికై చేసినదిగా, ఎస్.ఏ.ఇ. 30ఆర్9 అను గుర్తుగలదై యుండవలయును. కార్బురేటరు బండ్ల సామాన్యపు గొట్టము దీనికి తగదు. రబ్బరు ముద్రలన్నియు క్రొత్తవే వేసి, ఒక బొట్టు నూనె రాచి, సూటిగా కూర్చి, రెండు స్క్రూలను వంతులవారీగా బిగింపవలయును.

తుదకు ఇంజను నడపకమునుపే పంపును మాత్రము నడిపి, ప్రతి కూర్పును దీపపుకాగడాతోను చేతియద్దముతోను చూడవలయును. ఇక్కడి కాగడా బ్యాటరీది సుమా! చెమ్మ యెచ్చటను లేదని తెలిసిన పిమ్మటనే ఇంజను నడపి, మరల నొకమారు చూడవలయును.

5. తరువాతి సంగతి

మా శిష్యుఁడు అట్లే చేసెను. వాసనకు కారణము మూఁడవ ఇంజెక్టరు గొట్టమున వేలిగోరంత బీట. తడబాటునకు కారణము ఐదవ బిగింపున పచ్చగా చేరిన చిలుము. ఇంజెక్టర్లను కడిగించి కొలిపింపఁగా ఐదు బాగుపడెను. ఒకటి కారుట మానలేదు. దానికి బదులు, తక్కినవానితో సమముగా చిమ్మునని పరీక్షింపఁబడిన యొకదానిని వేసెను. ఆరు కొనఁదలఁచినవాఁడు ఒకటితో సరిపుచ్చుకొనెను. ఊరక ఆరింటిని కొని, గొట్టములను చూడక విడిచియుండినచో ఏమి జరిగియుండునో తలంచుటకే భయమగుచున్నదని అతఁడు వ్రాసెను. ఇప్పుడు చిన్నది మరల తండ్రిప్రక్కను కూర్చుండి ఆలయమునకు పోవుచున్నది.

బాలకులారా, బాలికలారా! మీలో అట్టి బండిని చూచువారు అరుదు. అయినను వంటింటి గ్యాసు గొట్టమును, పొలములోని ఆయిలు ఇంజనును, తండ్రిగారి మోటారు సైకిలును మీరెల్లరు చూతురు. వాసన వచ్చినపుడు నిర్లక్ష్యము చేయకుఁడు. పరీక్షింపక దేనిమీఁదను, ఎవరిమీఁదను నేరము మోపకుఁడు. సృష్టికర్త మనకిచ్చిన కన్నులను చేతులను మన యింటివారి క్షేమమునకై జాగ్రత్తగా వాడుదము గాక.

అభ్యాస ప్రశ్నలు

1. ఇంజను నిమిషమునకు 2400 చుట్లు తిరుగునపుడు ఒక ఇంజెక్టరు సెకండునకు ఎన్నిమారులు తెఱచుకొనును?
2. పెట్రోమాక్సు రంధ్రమును శుభ్రము చేయు విధమునకును ఇంజెక్టరును శుభ్రము చేయు విధమునకును గల భేదమేమి?
3. మీ యింట ఇంధనము ప్రవహించు గొట్టమొకదానిని పెద్దల సమక్షమున పరిశీలించి, చూచినది పది పంక్తులలో వ్రాయుఁడు.