ప్రూఫులకు ఇంకా వేళ కాలేదు

చిన్నారీ,

నీ నవల చదివాను. ఎక్కడా ఎర్ర గీత కనిపించకపోయేసరికి అసలు చదివానో లేదోనని నీకు అనుమానం రావచ్చు. వత్తులు, దీర్ఘాలు కావాలనే ముట్టుకోలేదు. రేపు ఎగిరిపోయే అధ్యాయంలో కామాలు దిద్దడమంటే గోడలు లేవకముందే సున్నం కొట్టబోవడమే. కథ ఎవరిది, ఎక్కడ మొదలవ్వాలి, ఏ సంగతి ఎప్పుడు తెలియాలి? ముందు ఇవి తేల్చుకోవడాన్నే డెవలప్‌మెంటల్ ఎడిటింగ్ అంటున్నారు. మన దగ్గర సీరియల్‌కో పోటీకో రాసిన నవల నేరుగా డీటీపీకి పోవడమే ఎక్కువ.

నువ్వు ఎం.ఏ.లో చదివిన 'ద గ్రేట్ గాట్స్‌బీ' సంగతే తీసుకో. 1924లో ఫిట్జెరాల్డ్ పంపిన ప్రతి చదివి, స్క్రిబ్నర్స్ ఎడిటర్ మాక్స్‌వెల్ పెర్కిన్స్ నవంబరులో ఉత్తరం రాశాడు. ముందు బోలెడు మెచ్చుకున్నాడు. తర్వాత అసలు సంగతికొచ్చాడు. టామ్ బుకానన్ వీధిలో ఎదురైతే గుర్తుపట్టి పక్కకు తప్పుకుంటాను గానీ గాట్స్‌బీ మాత్రం మసకగా ఉన్నాడన్నాడు. అంత డబ్బు ఎలా వచ్చిందో పాఠకుడికి కాస్త ఆనవాలైనా దొరకాలన్నాడు. గతమంతా ఒకేచోట కుప్పపోయకుండా, కథ నడుస్తుండగా కొంచెం కొంచెంగా బయటపడితే బాగుంటుందన్నాడు. ఫిట్జెరాల్డ్ రోమ్‌లో కూర్చుని, గాలీ ప్రూఫుల మీదే ఆరు, ఏడు అధ్యాయాలు తిరగరాశాడు. గాట్స్‌బీ గతాన్ని ముందుకు జరిపాడు. 1925 ఏప్రిల్‌లో పుస్తకం వచ్చింది.

నీ నవలదీ అదే జబ్బు. మిషన్ తొక్కుతూ, దారం పళ్లతో తెంపి, గుండీ పెదాల మధ్య బిగించుకుని, కూతుర్ని తిట్టే ఆ తల్లి నా కళ్లముందుంది. మస్కట్ నుంచి తిరిగొచ్చిన తండ్రి మాత్రం 'మౌనంగా ఉండిపోయాడు' అన్న మాటలో తప్ప ఇంకెక్కడా లేడు. ఆయన పదేళ్ల బతుకంతా పన్నెండో అధ్యాయంలో ఏకబిగిన దించేశావు. అప్పు సంగతి అక్కడ బయటపడేసరికి, పెళ్లి గొడవలో ఆయన నోరెందుకు మెదపలేదో తెలిసినా లాభం లేకపోయింది. ఆ గొడవ ఎప్పుడో అయిపోయింది. ఆ అప్పు ప్రోనోటు ఐదో అధ్యాయంలోనే తల్లి చేతికి చిక్కితే?

అలాగే చెయ్యమని కాదు. ఎడిటర్ చెయ్యి మరీ ముందుకొస్తే ఏమవుతుందో కథకుడు కార్వర్‌కు తెలుసు. 1981 నాటి ఆయన సంపుటిలో కొన్ని కథల్ని ఎడిటర్ గోర్డన్ లిష్ సగానికి పైగా కోసేశాడు. పుస్తకం ఆపమని కార్వర్ బతిమాలుకున్నాడు. అసలు ప్రతులు ఆయన పోయాక, 2009లో గానీ 'బిగినర్స్' పేరుతో బయటికి రాలేదు. లిష్ కోతే బాగుందనేవాళ్లున్నారు, నాకూ కొన్నిచోట్ల అలాగే అనిపిస్తుంది. అయినా నీ కథ నేను రాయకూడదు.

దసరా దాకా ఫైలు తెరవకు. నోటుబుక్కులో అధ్యాయానికి ఒక్క లైను చొప్పున రాయి: ఎవరికి ఏం కావాలి, చివరికి ఏం మారింది. ఏమీ మారలేదని తేలినవాటి పక్కన టిక్కు పెట్టు. నా లెక్కలో అలాంటివి నాలుగున్నాయి, ఏవో చెప్పను. బావి దగ్గర అధ్యాయం నీకు ప్రాణమని తెలుసు, దాన్ని ఆఖరున చూడు. రాసింది ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి సుమా.

మీ మావయ్య