మూడో లెమ్మా దగ్గర నేనూ ఆగిపోయాను

దానవాయిపేట,
రాజమండ్రి

చి॥ సౌమ్యకు తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పేపరూ, దాని మీద రిఫరీ రాసిన నాలుగు పేజీలూ జిరాక్సు షాపులో ప్రింటు తీయించి పక్కపక్కన పెట్టుకుని చదివాను. అమ్మడూ, మూడో లెమ్మా దగ్గర నేనూ ఆగిపోయాను. నువ్వేమో ‘ఇది స్పష్టమే’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు పూటంతా పట్టింది. ఆ రిఫరీ ఆయనో ఆవిడో గానీ, పైసా పుచ్చుకోకుండా, పేరైనా చెప్పుకోకుండా నీ లెక్క ముందు అంతసేపు కూర్చున్నారు. మీ గైడు కూర్చున్నాడా? (ఈ మాట అక్కడ అనకు.)

పేపరు తిరగరాయమనడం కొత్తేం కాదు. గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న రామస్వామి అయ్యర్, లెక్కల పత్రికలు తెప్పించి పోస్టులో తలా కొన్నాళ్లు చదువుకుందామని 1906 చివర్లో మిత్రులకు ఉత్తరాలు రాశాడు. 1907లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అలా పుట్టింది. దాని జర్నల్లోనే 1911లో రామానుజన్ మొదటి పేపరు వచ్చింది, బెర్నౌలీ సంఖ్యల మీద. ఎడిటరు నారాయణ అయ్యంగార్ దాన్ని ఊరికే అచ్చేయలేదు. సామాన్య పాఠకుడికి అందదని వెనక్కి పంపి తిరగరాయించాడు. అదీ ఒక్కసారి కాదు.

నా సంగతి వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పేపరు వెనక్కొస్తే ఉడుక్కుని ట్రంకుపెట్టెలో పడేశాను. రెండేళ్లకు తీసి చూస్తే రిఫరీ చూపించిన తప్పు తప్పే. ఈలోగా ఆ ఫలితాన్ని ఇంకెవరో, నాకంటే చక్కగా, అచ్చేయించేశారు.

డబ్బు కడితే వారంలో వేస్తామన్న జర్నల్ సంగతి రాశావు. వారంలో లెక్క చదివేవాళ్లు నాకింతవరకు తారసపడలేదు. కొత్త పత్రికన్నంత మాత్రాన చెడ్డదనీ కాదు: వాల్తేరులో పాఠాలు చెప్పిన మీనాక్షిసుందరం, ప్లేయెల్‌తో కలిసి రాసిన పేపరు 1949లో కెనడా జర్నల్ మొట్టమొదటి సంపుటంలో వచ్చింది, జ్యామితి వాళ్లు ఇవాళ్టికీ దాన్ని తిరగేస్తారు. ఎడిటర్లెవరో చూడు, వాళ్లేం రాశారో చూడు. ఇంపాక్టు నంబరు తర్వాత.

జవాబులో రిఫరీ అడిగిన ప్రతిదానికీ ఏం చేశావో వరసగా రాయి. ఒప్పుకోనిచోట ఎందుకో చెప్పు, విసుగు మాత్రం కనపడనీయకు.

ఆ మూడో లెమ్మాలో నేను చిక్కుపడింది సరిసంఖ్యల దగ్గర. రెండు వేసి చూడు.

మీ తాతయ్య