తిన్నని దారికి మలుపెందుకు?

ఉత్తర అమెరికాలోని గడ్డిమైదానాలను ప్రెయిరీలు అంటారని భూగోళశాస్త్రంలో చదివారు గదా! పాఠంలో చదవటం వేరు, అక్కడ ప్రయాణం చేయటం వేరు. కెనడాలోని సస్కాచివాన్ రాష్ట్రంలో పెద్ద రహదారి వదిలి, కంకరదారిన కారులో ఉత్తరానికి పోతున్నామని ఊహించుకుందాం.

ఇరుపక్కలా గోధుమ చేలు. దూరాన ధాన్యపు గిడ్డంగి ఒక్కటే నిటారుగా కనిపిస్తుంది. దారి బద్ద పెట్టి గీసినంత తిన్నగా ఉంటుంది. అలా పోగా పోగా, ఒకచోట హఠాత్తుగా ఆగిపోతుంది! ఎడమకు తిరిగి, కొంతదూరం పోయి, మళ్ళీ కుడికి తిరిగితే గాని ఉత్తరపు దారి దొరకదు. అక్కడ వాగు లేదు, గుట్ట లేదు, ఊరూ లేదు. ఇంకో 39 కిలోమీటర్లు పోతే మళ్ళీ అలాంటి మలుపే! ఎందుకని?

భూమి గుండ్రంగా ఉండటమే దీనికి కారణం.

కొలతలో చిక్కు

1871లో కెనడా ప్రభుత్వం ఈ మైదానాలను కొలిపించటం ప్రారంభించింది. నేలను 6 మైళ్ళ పొడవు, 6 మైళ్ళ వెడల్పు గల చతురస్రాలుగా విభజించారు. ఒక్కొక్కదానిలో చదరపు మైలు ముక్కలు 36. చదరపు మైలులో నాలుగో వంతు 160 ఎకరాలు. 1872 నాటి చట్టం ప్రకారం 10 డాలర్ల రుసుము కట్టి, అక్కడే కాపురముండి సేద్యం చేసేవారికి ఆ 160 ఎకరాలు ఇచ్చారు. అంతకుముందు ఆ నేల క్రీ మొదలైన ఆదిమజాతులదని కూడా మనం మరచిపోరాదు. ముక్కల మధ్య దారులకోసం స్థలం వదిలారు. మనం ప్రయాణం చేస్తున్న దారి అటువంటిదే.

కాగితం మీద చతురస్రాలు గీయటం తేలిక. గోళం మీదనో? గుమ్మడికాయను చూడండి. నడుమ ఎడంగా ఉన్న చారలు తొడిమ దగ్గరకు వచ్చేసరికి కలిసిపోతాయి. రేఖాంశాలు కూడా అంతే. భూమధ్యరేఖ దగ్గర ఎడంగా ఉండి, ధ్రువం వద్ద కలుస్తాయి.

సస్కాచివాన్ దక్షిణపు సరిహద్దు 49° అక్షాంశం, ఉత్తరపు సరిహద్దు 60°. రేఖాంశాల మధ్య దూరం అక్షాంశపు కొసైను విలువను బట్టి తగ్గుతుంది. కొసైను 49° = 0.656; కొసైను 60° = 0.5. కాబట్టి దక్షిణాన 6 మైళ్ళ ఎడంలో రెండు గీతలు మొదలుపెట్టి నేరుగా ఉత్తరానికి పొడిగిస్తే, 60° దగ్గర వాటి ఎడం

6 × 0.5 ÷ 0.656 = 4.57 మైళ్ళు.

అంటే 160 ఎకరాలు కావలసిన చోట సుమారు 122 ఎకరాలే మిగులుతాయి! రుసుము ఒకటే, నేల మాత్రం తక్కువ. ఇది న్యాయమా?

దిద్దుబాటు రేఖలు

అందుకే సర్వేయర్లు ప్రతి 24 మైళ్ళకు, అనగా సుమారు 39 కిలోమీటర్లకు, ఒక దిద్దుబాటు రేఖ ఏర్పరచారు. ఆ రేఖకు దక్షిణాన ఇరుకైపోయిన చతురస్రాలను ఉత్తరాన మళ్ళీ వెడల్పు చేసి మొదలుపెట్టారు. 50° అక్షాంశం దగ్గర 24 మైళ్ళు పోయేసరికి ఒక్కొక్క చతురస్రం సుమారు 70 మీటర్లు ఇరుకవుతుంది. కొలత మొదలైన రేఖాంశం నుంచి పడమరకు పోయేకొద్దీ ఈ తేడా 70, 140, 210 మీటర్లుగా పెరుగుతుంది. కింది దారికీ పై దారికీ పొత్తు కుదరదు. మన కారు తిరిగిన మలుపు అదే!

ఈ సంగతి తెలియక, దారి తిన్నగానే ఉంటుందని రాత్రివేళ వేగంగా పోయే డ్రైవరుకు ఈ మలుపు ప్రమాదమే. సస్కాచివాన్ తూర్పు సరిహద్దు కూడా ఇలాంటి దారి వెంటనే సాగుతుంది. అందువల్ల పెద్ద పటంలో చూస్తే అది తిన్నని గీతగా కాక, మెట్లుమెట్లుగా కనిపిస్తుంది.

చేసి చూడండి

మీ పాఠశాలలోని గ్లోబు మీద ఏవైనా రెండు రేఖాంశాల మధ్య దూరాన్ని 49° వద్ద, 60° వద్ద దారంతో కొలవండి. పై లెక్క సరిపోయిందా? భూమధ్యరేఖను ఆనుకొని ఉన్న దేశంలో నేలను ఇలాగే కొలిస్తే ఈ మలుపులు ఇంత పెద్దవిగా ఉంటాయా? ఆలోచించండి.